గుర్రమెక్కని రాజు, పక్కవాడి కారు

2001లో అమెరికా వచ్చిన కొత్తల్లో, రూమ్మేటు ఎర్ర ముస్టాంగ్‌కి ఆనుకుని ఫొటో దిగి ఇంటికి పంపాను. నేను ఆఫీసుకెళ్ళేది బస్సులో. అమ్మ దాన్ని పెద్దది చేయించి హాల్లో తగిలించింది. కారు నాది కాదని ఇంతవరకూ చెప్పలేదు. ఈ మధ్య నెపోలియన్ కాలపు ఫ్రెంచి మిలటరీ బొమ్మలు చూస్తుంటే ఆ ఫొటోయే గుర్తొచ్చి సిగ్గేసింది :)

1800 మేలో నెపోలియన్ ఆల్ప్స్ దాటింది కంచరగాడిద మీద. అప్పటికింకా చక్రవర్తి కాలేదు లెండి. డేవిడ్ వేసిన బొమ్మలో మాత్రం ముందుకాళ్ళు లేపిన గుర్రం! నెపోలియన్ కనీసం ఎదురుగా కూర్చోలేదట. డేవిడ్ తన కొడుకుని నిచ్చెన ఎక్కించి పని కానిచ్చాడంటారు.

తర్వాత 1814లో పాత రాజవంశం తిరిగొచ్చింది. పద్దెనిమిదో లూయీకి స్థూలకాయం, పైగా గౌట్. గుర్రం సంగతి దేవుడెరుగు, నడవడమే కష్టం. సైన్యానికేమో గుర్రం మీది దొరని చూడ్డం అలవాటైపోయింది.

సరిగ్గా అప్పుడే లిథోగ్రఫీ వచ్చింది. రాగిరేకు చెక్కడం నెలల పని. ఇదైతే సున్నపురాయి మీద జిడ్డు క్రేయాన్‌తో గీసి, రాయి తడిపి, సిరా రాయడమే. నీళ్ళకీ జిడ్డుకీ పడదు కాబట్టి సిరా గీతలకే అంటుకుంటుంది. 1816లో లాస్తేరీ, ఎంగెల్మాన్ పారిస్‌లో ప్రెస్సులు పెట్టారు. అదే ఏడు నెపోలియన్ అభిమాని అని ఉద్యోగం ఊడగొట్టించుకున్న షార్లే అనే ఆయన ఈ రాయినే నమ్ముకున్నాడు. దాదాపు వెయ్యి లిథోగ్రాఫులు గీశాడు. వాటిలో జనం గుర్తుపెట్టుకున్నది రాజుల్ని కాదు, నెపోలియన్ ముసలి సిపాయిల్ని.

1824లో గద్దెనెక్కిన పదో చార్లెస్ నిజంగానే మంచి రౌతు. ఆ ఏడు నేషనల్ గార్డు కవాతులో గుర్రం మీదున్న ఆయన్ని ఒరాస్ వెర్నే చక్కగా వేశాడు. అబద్ధమేమీ లేదు. ఏం లాభం, 1830 జులై తిరుగుబాటులో గద్దె పోయింది.

1836లో రఫే గీసిన 'రాత్రి కవాతు' చూడండి. అప్పటికి నెపోలియన్ పోయి పదిహేనేళ్ళు. అయినా తెల్లగుర్రం మీదున్నాడు, చుట్టూ దయ్యాల్లాంటి రౌతులు. మనిషి స్వారీలో అంతంతమాత్రమే, ఎన్నోసార్లు కిందపడ్డాడు కూడా. కానీ ఆ బొమ్మలు కొనేవాళ్ళలో ఆయన వెనక నడిచినవాళ్ళున్నారు. స్వారీ కొలతలు వాళ్ళకెందుకు? నాకైతే డేవిడ్ గుర్రం కన్నా ఈ దయ్యపు గుర్రమే నిజంగా కనిపిస్తుంది.

మొన్న వీడియో కాల్‌లో అమ్మ వెనక గోడ మీద ఆ ఎర్ర కారు కనిపించింది, రంగు వెలిసిపోయి. ఇవాళ చెప్పేద్దామని నోరు తెరిచాను. అమ్మ ఫోను గోడవైపు తిప్పి, పక్కింటావిడతో అంటోంది: "మావాడి మొదటి కారు!"