కొంగుముడిలో నొప్పి బిళ్లలు

తెల్లవారుజాము నాలుగున్నర. జగ్గయ్యపేట దగ్గర ఓ పల్లె. మిరపకోతకు తీసుకెళ్లే ఆటో ఇంకా రాలేదు. అరవై రెండేళ్ల ఆవిడ గుమ్మం పట్టుకుని మెల్లగా లేచింది. మోకాళ్లు కలుక్కుమన్నాయి. కొంగుముడి విప్పింది. అందులో రెండు పదిరూపాయల నోట్లు, ఇంటి తాళంచెవి, మూడు బిళ్లలు. ఒకటి నోట్లో వేసుకుని గుక్కెడు నీళ్లు తాగింది.

‘‘అత్తయ్యా, రెండు ముద్దలు తిని వేసుకోకూడదూ?’’ అంది కోడలు లోపల్నుంచి.

‘‘ఆటో వెళ్లిపోద్దే. చేలోకెళ్లాక తింటాలే.’’

మూడేళ్లుగా ఆ ఇంట్లో ఇదే మాట. మొదట్లో వారానికో బిళ్ల. తర్వాత రోజుకొకటి. కోతల రోజుల్లో పొద్దునొకటి, సాయంత్రమొకటి. మొదటిసారి మాత్రం డాక్టరే రాసిచ్చాడు, ఐదు రోజులకి. ఆ చీటీ చిరిగిపోయింది గానీ బిళ్ల పేరు గుర్తుండిపోయింది. ఖాళీ అట్ట చూపిస్తే మందుల షాపులో మళ్లీ ఇచ్చేవాళ్లు.

ఆ ఏడు మాఘమాసంలో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు బయల్దేరబోతే కాళ్లకు చెప్పులు పట్టలేదు. పాదాలు పొంగి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడుతోంది. తిరునాళ్ల మాట పక్కనబెట్టి కోడలు ఆమెను నందిగామ తీసుకెళ్లింది.

‘మందులేం వాడుతున్నారు?’

డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న అది.

‘‘బీపీ బిళ్ల ఒక్కటే బాబూ’’ అందావిడ.

అబద్ధం చెప్పాలని కాదు. ఆమె లెక్కలో నొప్పి బిళ్ల మందే కాదు. తలపాగా గుడ్డలాగా, మంచినీళ్ల సీసాలాగా అదీ కూలికెళ్లే సామానే. కోడలు ఒక్క క్షణం తటపటాయించి, అత్తగారి కొంగు అందుకుని ముడి విప్పి బల్లమీద పెట్టింది. ఆవిడకు కోపం వచ్చింది, సిగ్గూ వేసింది. డాక్టరు మాత్రం బిళ్లల్ని తిరగేసి చూసి, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష రాశారు. అది ఉండాల్సిన దానికంటే ఎక్కువొచ్చింది. కిడ్నీలు అలిసిపోతున్నాయని దానర్థం.

‘‘మోకాలికి వేసుకుంటే కిడ్నీకెలా తగిలింది బాబూ?’’ అనడిగిందావిడ. సరైన ప్రశ్నే.

మింగిన బిళ్లకు మోకాలెక్కడుందో తెలియదు. అది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటివన్నీ ఒకే కుటుంబం. ఇవి ఒంట్లో ప్రొస్టాగ్లాండిన్లనే రసాయనాలు తయారవకుండా ఆపుతాయని 1971లో జాన్ వేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కనిపెట్టారు. 1982లో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఆయనొకరు. వాపునీ నొప్పినీ పెంచేవి ఆ రసాయనాలే. కానీ కడుపు లోపలి పొరను కాపాడేవీ అవే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం అందేలా నాళాలను తెరిచి ఉంచేవీ అవే. నొప్పితోపాటు ఈ కాపలా కూడా పోతుంది.

ఎండల వార్తల్లో తరచూ వినిపించే పేరు నందిగామ. ఆ ఎండలో రోజంతా చెమటోడ్చే మనిషి, దూరం వెళ్లాల్సి వస్తుందని నీళ్లు కూడా తగ్గించి తాగే ఆడమనిషి, పైగా బీపీకి మందు వాడుతున్న మనిషి... ఆ కాపలా అత్యవసరమైన వేళకే బిళ్ల దాన్ని పక్కకు తప్పిస్తుంది. కొన్ని రకాల బీపీ మాత్రలు, ఒంట్లో నీరు తీసే మాత్ర, నొప్పి బిళ్ల... ఈ మూడూ కలిస్తే కిడ్నీలకు ముప్పు మరీ ఎక్కువ. నొప్పి బిళ్ల బీపీని కూడా పెంచుతుంది.

రాబందులు చెప్పిన సంగతి

ఒకప్పుడు ఊరి చివర గొడ్డు చచ్చిపోతే రాబందులు వాలేవని పెద్దవాళ్లు చెబుతారు. అవి ఎటు పోయాయో చాలాకాలం అంతుచిక్కలేదు. జబ్బుపడ్డ పశువులకు వేసిన డైక్లోఫినాక్, వాటి మాంసం తిన్న రాబందుల కిడ్నీలను పాడుచేసిందని 2004లో తేలింది. 2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించింది. మనిషికీ రాబందుకీ పోలిక లేదు. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడితే మనలో ఎక్కువమందికి ఆ మందు మేలే చేస్తుంది. తేడా అంతా ఆ ‘చెప్పినన్ని రోజులు’ దగ్గరే.

ఉమ్మడి కృష్ణా జిల్లాకే చెందిన ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. అక్కడి జబ్బుకు బిళ్లలే కారణమని కాదు. నీటి మీద కూడా అనుమానాలున్నాయి. కానీ కిడ్నీలు ముందే నీరసించిన మనిషికి ఈ బిళ్ల గోరుచుట్టు మీద రోకలిపోటే.

గ్యాస్ బిళ్ల ఉందిగా!

చాలామంది ధైర్యం ఇదే. గ్యాస్ బిళ్ల కడుపును కొంతవరకు కాపాడుతుంది, నిజమే. కిడ్నీని కాపాడదు. సూది వేయించుకుంటే కడుపుకేం కాదన్నదీ అపోహే. ఆ మందూ రక్తంలోంచే పనిచేస్తుంది. రెండు రకాల నొప్పి బిళ్లలు కలిపి వేసుకుంటే ఉపశమనం రెట్టింపు కాదు, ప్రమాదం పెరుగుతుంది. కాగితంలో చుట్టిచ్చే పేరులేని చిన్న బిళ్ల స్టెరాయిడ్ కావచ్చు. నొప్పి బిళ్లతో అది కలిస్తే కడుపులో పుండ్లు పడే ముప్పు ఎక్కువ. చాన్నాళ్లు వాడినదాన్ని ఉన్నట్టుండి మానడం కూడా మంచిది కాదు. డాక్టరుకు చూపించే తగ్గించుకోవాలి.

వాంతులు, విరేచనాలు అవుతున్నప్పుడు, వడదెబ్బ తగిలినప్పుడు నొప్పి బిళ్ల జోలికి పోకూడదు. డెంగీ అనుమానం ఉన్న జ్వరానికి ఇవి వాడితే రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. గర్భిణులు, ఆస్తమా, గుండె జబ్బు, అల్సర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందు వాడేవాళ్లు అడక్కుండా వేసుకోకూడదు. మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం తగ్గినా, కాళ్లు పొంగినా బిళ్ల ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆవిడకు డాక్టరు ఆ బిళ్లలు పూర్తిగా మాన్పించారు. మరీ నొప్పెడితే పారాసిటమాల్, అదీ లెక్కగా. కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాపి ఐదు లెక్కపెట్టేదాకా ఉంచే వ్యాయామం నేర్పారు. మొదటి వారాలు నరకమే. రెండు రోజులు కోతకు వెళ్లలేక కూలి పోయింది. కోడలిమీద అలిగి మాట్లాడటం మానేసింది. నెల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే క్రియాటినిన్ దిగింది. మామూలు స్థాయికి మాత్రం రాలేదు. ఇక ఏటా చూపించుకోవాల్సిందే.

మళ్లీ కోతలొచ్చాయి. ఈసారి ఆవిడ కల్లంలో పీటేసుకుని తాలుకాయలు ఏరే పనికి వెళ్తోంది. కూలి కాస్త తక్కువే. మొన్న పక్కనున్నావిడ నడుం పట్టుకుని అడిగింది.

‘‘వదినా, బిళ్లుంటే ఒకటియ్యవూ?’’

‘‘అన్నం తిన్నావా?’’

‘‘లేదు.’’

‘‘బీపీకి వాడతన్నావుగా?’’

‘‘ఆ.’’

ఆవిడ కొంగుముడి విప్పి చూపించింది. నోట్లు, తాళంచెవి, అంతే.

‘‘బిళ్లల్లేవు. రేపు నందిగామ పోదాం పా, నేనూ వస్తా. డాక్టరు ఏం వాడుతున్నావనడుగుతాడు. అన్నీ చెప్పాలి, తెలిసిందా?’’