చదును రాయి, అంతులేని చోటు

మనకు అలవాటైన బొమ్మలో రోడ్డు పోనుపోను సన్నబడుతుంది, చెట్లు చిన్నవవుతాయి, అన్నీ ఒక బిందువు దగ్గర కలుస్తాయి. దాన్ని ఎక్కడ నిలబడి చూడాలో చిత్రకారుడే ముందుగా తేల్చేసి ఉంటాడు. ఎల్ లిసిట్‌స్కీ ‘ప్రౌన్’ లిథోగ్రాఫుల (రాతి అచ్చు బొమ్మల) ముందు ఈ అలవాటు పనికిరాదు. నాకు అవి నచ్చింది అందుకే.

లిసిట్‌స్కీ 1890లో రష్యాలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఆర్కిటెక్చర్ చదివాడు. 1919లో విటెబ్‌స్క్ కళాశాలలో పాఠాలు చెప్పడానికి వెళ్లి చిత్రకారుడు మాలెవిచ్ ప్రభావంలో పడ్డాడు. మాలెవిచ్ చదునైన చతురస్రాలకు ఇళ్లు కట్టేవాడి బుద్ధి తోడై ప్రౌన్లు పుట్టాయి. చిత్రకళ నుంచి వాస్తుకళకు బండి మారే స్టేషన్ లాంటివని ఆయనే వాటి గురించి రాసుకున్నాడు. 1923లో హానోవర్‌లోని కెస్ట్‌నర్ సొసైటీ ఆరు ప్రౌన్ లిథోగ్రాఫుల సంపుటిని 50 ప్రతులు వేయించింది.

వాటిలో ఉన్నవి పలకలు, కమ్మీలు, వంపు గీతలు. రంగులు బహు తక్కువ. పెట్టెలాంటి ఆకారం ఒక క్షణం మన మీదికి పొడుచుకొస్తుంది, మరుక్షణం లోపలికి పోతుంది. పక్కపక్కన సాగే గీతలు ఎంత దూరం పోయినా కలవవు. నేల ఏదో, కప్పు ఏదో తేలదు. ఉత్త కాగితపు తెలుపే హద్దులేని ఆకాశమైపోతుంది.

ఈ లోతు ఏ అచ్చులోంచి వచ్చిందో చూడండి. చెక్క అచ్చులో గీత పైకి లేచి ఉంటుంది. లోహపు పలకలో గాడి పడి ఉంటుంది. చిత్తూరు జిల్లాలో పుట్టి పారిస్‌లో పేరు తెచ్చుకున్న మన అచ్చు చిత్రకారుడు కృష్ణారెడ్డి ఒకే పలకను రకరకాల లోతులకు చెక్కి, మెత్తని రోలరుతో, గట్టి రోలరుతో ఒక్కో మట్టానికి ఒక్కో రంగు పట్టించేవాడు. అక్కడ లోతు పలకలోనే ఉంది. 1790ల చివర్లో సెనెఫెల్డర్ కనిపెట్టిన లిథోగ్రఫీలో అదేమీ లేదు. సున్నపురాయిని నున్నగా అరగదీసి జిడ్డు సిరాతో గీస్తారు. బంకలో ఆమ్లం కలిపి పూసి, తర్వాత రాయిని తడుపుతారు. జిడ్డు గిన్నెకు నీళ్లు అంటనట్టే గీతకు తడి అంటదు. అచ్చు సిరా ఆ గీతనే పట్టుకుంటుంది. గీసిన చోటు, గీయని చోటు ఒకే మట్టం.

అంత చదునైన రాతి మీద అంతులేని చోటు కట్టాడంటే, ఆ కట్టడంలో సగం పని చూసేవాడికే వదిలాడన్నమాట. బొమ్మ చుట్టూ తిరగాలి, పైనుంచి చూడాలి, కిందినుంచి చూడాలి అన్నది ఆయన పట్టుదల. సంపుటి వెలువడిన 1923లోనే బెర్లిన్ కళాప్రదర్శనలో ఒక గది గోడల నిండా ప్రౌన్ ఆకారాలు అమర్చి జనాన్ని అందులో నడిపించాడు కూడా.

కాబట్టి ఇలాంటి బొమ్మ ఎదురైతే ‘ఇదేమిటి?’ అని ఒక్క మాట అనేసి వెళ్లిపోకండి. పక్కకు జరగండి, తల వంచి చూడండి, ఒక గీత పట్టుకుని చివరిదాకా పోండి. అర్థం తర్వాత అడగవచ్చు. ముందు ఆ చోటులో కాసేపు తిరగండి.