గుడివాడ మెట్రోపాలిటన్ ఏరియా

మీలో హెచ్1బి మీద ఉన్నవాళ్ళకి ఎం.ఎస్.ఏ. అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. మిగిలినవాళ్ళ కోసం: మనందరం అప్పు చేసి చదివిన ఎం.ఎస్. కాదు, మెట్రోపాలిటన్ స్టాటిస్టికల్ ఏరియా. క్లయింటు మారినప్పుడల్లా లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే. కొత్త ఆఫీసు పాత ఎం.ఎస్.ఏ. లోపలా, బయటా? 2015 ఏప్రిల్లో వచ్చిన సిమియో కేసు నిర్ణయం పుణ్యమా అని, బయట అయితే పిటిషను సవరించి మళ్ళీ వెయ్యాలి. లోపల అయితే ఎల్.సి.ఏ. కాగితం కొత్తచోట గోడకి అంటిస్తే చాలు. పోయినేడాది నన్ను ఇర్వింగ్ నుంచి ఫ్రిస్కోకి మార్చినప్పుడు గోడకి కాగితంతో పనైపోయింది. అదే ఆస్టిన్ అయ్యుంటే మళ్ళీ ఫీజులూ, ఎదురుచూపులూ, సంక్రాంతికి తీసుకున్న టిక్కెట్టు రద్దూ.

ఇర్వింగేమో డాలస్ కౌంటీ. ఫ్రిస్కో కాలిన్, డెంటన్ కౌంటీల్లో ఉంది. కౌంటీలు వేరైనా ఎం.ఎస్.ఏ. ఒకటే ఎలా అయింది, ఎవరు కలిపారు అని కుతూహలం పుట్టింది. ఒక శనివారమంతా దానికే పోయింది.

కలిపేది వైట్‌హౌస్ కింద ఉండే బడ్జెట్ ఆఫీసు. పద్ధతి సాఫ్టువేరు వాళ్ళకి నచ్చేలా ఉంటుంది. కనీసం 50 వేల జనాభా ఉన్న పట్టణ ప్రాంతం ఒకటి ఉండాలి. అది ఉన్న కౌంటీ కేంద్రం. పక్క కౌంటీలో ఉద్యోగస్తుల్లో 25 శాతం మంది ఈ కేంద్రానికి పనికి వస్తుంటే ఆ కౌంటీని కూడా కలిపేస్తారు. లేదా ఆ పక్క కౌంటీలోని ఉద్యోగాల్లో 25 శాతం కేంద్రం వాళ్ళు వెళ్ళి చేస్తున్నా సరే. అంతే. మధ్యలో ఇళ్ళున్నాయా, ఆవులు మేసే బీళ్ళున్నాయా అన్నది అనవసరం. డాలస్-ఫోర్ట్‌వర్త్ కింద ఇలా 11 కౌంటీలు చేరాయి. అందులో వైజ్ కౌంటీకి వెళ్ళి చూడండి, నిజంగానే ఆవులుంటాయి.

నాకు ఇంకా నచ్చింది దాని తమ్ముడు, మైక్రోపాలిటన్ ఏరియా. 10 వేల నుంచి 50 వేల లోపు పట్టణం ఉంటే అది. 2000లో నియమాలు రాసి, 2003లో మొదటి జాబితా ఇచ్చారు. 2023 జులై జాబితాలో, పోర్టోరికోని వదిలేస్తే, మెట్రోలు 387, మైక్రోలు 538. అంటే చిన్న టౌనూ, దాని చుట్టూ తిరిగే పల్లెలూ కలిస్తే ఒక లోకం అని ప్రభుత్వం ఒప్పుకుని, దానికో పేరు పెట్టి, విడిగా లెక్కలు తీస్తోంది.

సరే, మన ఊరి సంగతి చూద్దాం. మాది గుడివాడ. అమ్మమ్మగారి ఊరు దివిసీమలో నాగాయలంక. నాన్న ఉద్యోగం బందరులో, రోజూ వెళ్ళొచ్చేవారు. నా ఇంజనీరింగు కానూరులో. నాలుగేళ్ళూ పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు మీదుగా కాలేజీ బస్సులో నిద్రపోతూ వెళ్ళాను. మా ఒక్క ఇంట్లోంచే పొద్దున్నే ఇద్దరం రెండు దిక్కులకి పోయేవాళ్ళం. ఇందులో ఏ ఒక్కటీ మన ప్రభుత్వానికి తెలియదు.

తెలియదు అని ఊరికే అనటం లేదు. మన జనాభా లెక్కల్లో పట్టణ సముదాయం అనేది ఒకటి ఉంది. పెద్ద టౌనూ, దానికి అతుక్కుని పెరిగినవీ కలిపి ఒకటి. అతుక్కోవటమే ముఖ్యం, మనుషులు ఎటు పోతున్నారన్నది కాదు. 2011లో కానూరు విజయవాడ సముదాయంలో ఉంది, ఎందుకంటే బెజవాడ నుంచి బందరు రోడ్డు మీద ఇళ్ళు ఎక్కడా తెగవు. గుడివాడకీ బందరుకీ మధ్య వరిచేలూ, చేపల చెరువులూ ఉన్నాయి. వందలమంది కాదు, వేలమంది రోజూ తిరిగినా ఆ రెండూ ఎప్పటికీ ఒకటి కావు. ఇక రాజ్యాంగం ప్రకారం మెట్రోపాలిటన్ ప్రాంతం అనిపించుకోవాలంటే 10 లక్షలు దాటాలి. 2011లో బందరు జనాభా సుమారు లక్షా 70 వేలు, గుడివాడ లక్షా 18 వేలు. అమెరికా కొలబద్ద పెడితే రెండూ దర్జాగా మెట్రో కేంద్రాలే! అవనిగడ్డ మైక్రో. మా ఫ్రెండుతో అంటే "గుడివాడ మెట్రో ఎప్పుడొస్తుంది, టిక్కెట్టెంత" అని వెక్కిరించాడు.

మన దగ్గర గీత ఎలా గీస్తారో 2022 ఏప్రిల్ 4న చూశాం. పార్లమెంటు నియోజకవర్గానికి ఒక జిల్లా చొప్పున 13 జిల్లాలు 26 అయ్యాయి (అరకుని రెండు చేశారు). దాన్ని పూర్తిగా తప్పు పట్టను. జగ్గయ్యపేట, తిరువూరు వాళ్ళు కలెక్టరాఫీసు కోసం బెజవాడ దాటి బందరు దాకా రావటం అన్యాయంగానే ఉండేది. కానీ నియోజకవర్గం అనేది ఓట్ల సంఖ్య సరిపెట్టడానికి గీసిన గీత. దాన్నే జిల్లాకి వాడితే ఏమవుతుంది? ముదినేపల్లి కైకలూరు నియోజకవర్గంలో ఉంది కాబట్టి ఏలూరు జిల్లాలో పడింది. గుడివాడ నుంచి ముదినేపల్లికి పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు. విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం, విజయవాడకి అతుక్కున్న కానూరు కృష్ణా జిల్లాలో మిగిలాయి, విజయవాడ మాత్రం ఎన్టీఆర్ జిల్లాకి వెళ్ళింది.

అలాగని మనవాళ్ళకి ఈ ఊహ తట్టలేదని కాదు. 1978లోనే విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి నాలుగూ కలిపి ఒక ఉడా పెట్టారు, కృష్ణ నదినీ జిల్లా సరిహద్దునీ లెక్కచెయ్యకుండా. 2014లో అది సి.ఆర్.డి.ఏ.లో కలిసిపోయింది. బందరుకీ పోర్టు పేరు చెప్పి ఒక అభివృద్ధి సంస్థ ఉంది. అయితే ఇవి లేఅవుట్లకి అనుమతులిచ్చే ఆఫీసులు. ప్లాటు కొన్నవాళ్ళకి తెలుస్తాయి, బస్సెక్కేవాళ్ళకి తెలియవు.

పేరులో ఏముంది అంటారా? డబ్బుంది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఇంటద్దె భత్యం 2024 జనవరిలో సవరించాక, విజయవాడ లాంటి వై తరగతి నగరంలో మూలవేతనంలో 20 శాతం, బందరు లాంటి జెడ్ ఊళ్ళో 10. అమెరికాలో అయితే ఇవి గణాంకాల కోసమే అని రాసిపెట్టుకుని మరీ, మెడికేర్ కింద ఆసుపత్రులకిచ్చే సొమ్ములో వాడేస్తారు. అందుకే 2021లో మెట్రో హద్దుని 50 వేల నుంచి లక్షకి పెంచుదామంటే, జాబితాలోంచి పోయే 144 ప్రాంతాలవైపు నుంచి గోల మొదలైంది. ఆ జులైలో ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు.

దివిసీమ సంగతి వీటన్నిటికంటే చిక్కు. బయటివాళ్ళకి ఆ పేరు చెప్తే 1977 నవంబరు 19 ఉప్పెన తప్ప ఇంకోటి గుర్తురాదు. ఈ లెక్కలన్నీ చూశాక నాగాయలంకలో మావయ్యకి ఫోన్ చేసి, "మావయ్యా, మీ ఊరివాళ్ళు ఎక్కువగా ఏ ఊరెళ్తారు?" అని అడిగాను. "ఏ పనికిరా?" అన్నాడు. నిజమే. జ్వరానికీ కోర్టుకీ అవనిగడ్డ. స్కానింగంటే బందరో బెజవాడో. కలెక్టరాఫీసుకి బందరు. దివిసీమకి రైలు లేదు కాబట్టి రైలెక్కాలంటే పులిగడ్డ వారధి దాటి రేపల్లె. మావయ్య కూతుర్నిచ్చింది కూడా రేపల్లె పక్కనే. ఆ రేపల్లె ఒకప్పుడు గుంటూరు జిల్లా, 2022 విభజనలో బాపట్ల జిల్లా అయింది. పెళ్ళిచూపుల్నాడు ఎవరూ జిల్లా అడగలేదుట.

పైగా మన నిర్వచనాల్లో ఇంకో తమాషా. ఒక పల్లెని సెన్సస్ టౌను అనాలంటే జనాభా 5 వేలు, చదరపు కిలోమీటరుకి 400 మంది ఉండాలి, మగ కార్మికుల్లో 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. మగవాళ్ళే! నాట్లు వేసే ఆడవాళ్ళు ఆ లెక్కలో లేరు. చేపల వేటని కూడా 1981లో వ్యవసాయం గూట్లోకి తోసేశారు. కాబట్టి సముద్రం ఒడ్డు ఊరు ఎంత పెరిగినా, ఎన్ని ఐసు ఫ్యాక్టరీలొచ్చినా, వేట మానేదాకా అది పల్లెటూరే.

2011 లెక్కల్లో, వ్యవసాయం, కూలి, ఇంటి పరిశ్రమ కాని పనులు చేసేవాళ్ళని పనిచోటు ఎంతదూరం, ఎలా వెళ్తారు అని అడిగారు. ఏ ఊరికి అని అడగలేదు! గ్రాఫ్‌లో ఎడ్జ్ పొడవు రాసుకుని, రెండో కొసన నోడ్ ఏదో రాసుకోకపోవటం లాంటిదిది. గుడివాడలో ఒకరు నలభై కిలోమీటర్లు అన్నారనుకోండి, బందరా బెజవాడా? ఆ డేటాతో ఏ జాయినూ చెయ్యలేం. అమెరికా సర్వేలో పనిచోటు అడ్రసు అడుగుతారు, తేడా అంతా అక్కడుంది.

వాళ్ళదీ పూర్తి లెక్క కాదులెండి. ఉద్యోగస్తులనే లెక్కేస్తారు. మా వైపు పొద్దున్న ఏడింటికి రోడ్డు మీద కనిపించేది పసుపుపచ్చ కాలేజీ బస్సులు, ఆ పిల్లలు ఏ లెక్కలోనూ రారు. 2020 నుంచి రెండేళ్ళు గుడివాడలో మేడమీద గదిలో కూర్చుని హైదరాబాదు కంపెనీకి పనిచేసిన నాలాంటివాళ్ళు అసలు ఎటు పోయినట్టు?

ఇప్పుడు కొత్త జనగణన వచ్చింది. 2027 మార్చి 1 లెక్క తేదీ. అందుకోసం 2025 డిసెంబరు 31తో జిల్లా, మండలం గీతలు స్తంభింపజేశారు. ఈసారి ఎన్యుమరేటరు చేతిలో కాగితం కాదు, మొబైల్ యాప్. గీతలు మార్చమని అడగటం లేదు. యాప్‌లో ఇంకో గడి, పనిచోటు పిన్‌కోడు, ఆరంకెలు. రిక్వైర్‌మెంటు ఆఖర్లో మారిస్తే ఎంత చిరాకో మనకి తెలియనిది కాదు. అయినా బందరు నుంచీ, గుడివాడ నుంచీ, దివిసీమ నుంచీ పొద్దున్నే బయల్దేరేవాళ్ళ ఆరంకెలు కనక దొరికితే, ఏ బస్సు ఎక్కడినుంచి ఎక్కడికి వెయ్యాలో, స్కానింగు మిషను అవనిగడ్డలో పెట్టాలో రేపల్లెలో పెట్టాలో ఎవరో ఒక జూనియర్ ఒక మధ్యాహ్నంలో తేల్చేస్తాడు.