కింది ఇంటి సీలింగు మీద పెన్సిల్ గీతలు



మీరు అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారా? కింది ఫ్లాట్ వాళ్లు ఎప్పుడైనా మీ తలుపు తట్టి "మా సీలింగు తడుస్తోందండీ, ఒకసారి వచ్చి చూస్తారా" అని అడిగితే, దయచేసి వెంటనే చెప్పులు వేసుకుని వాళ్ల వెంట వెళ్లండి. నేను దాదాపు రెండు నెలలు వెళ్లలేదు. ఏం జరిగిందో చెబుతాను.

మాది కూకట్‌పల్లిలో ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. మూడో అంతస్తులో ఉంటాం. సరిగ్గా మా కింద ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారి కుటుంబం ఉంది. ఆయన మనవరాలు, మా అబ్బాయి ఇద్దరూ మన స్కూల్లోనే ఏడో తరగతి. ఒకటే బస్సు, ఎల్‌కేజీ నుంచీ ఒకటే సీటు.

నవంబర్ చివర్లో ఒక ఆదివారం మాస్టారు పైకి వచ్చారు. వాళ్ల బెడ్‌రూమ్ సీలింగుకి ఒక మూల పళ్లెమంత మరక పడిందన్నారు. ఆయన్ని మా బెడ్‌రూమ్‌లోకి తీసుకెళ్లి చూపించాను. నేల పొడిగా ఉంది. ఆ గదిలో అసలు ట్యాపే లేదు. "మాది కాదు మాస్టారూ, వాన నీళ్ల పైపేదో పగిలి ఉంటుంది" అన్నాను. "సరే బాబూ" అని దిగి వెళ్లిపోయారు. డిసెంబర్‌లో మళ్లీ రెండుసార్లు వచ్చారు. రెండోసారి నా గొంతు పెరిగింది. మా అబ్బాయి హాల్లో కూర్చుని హోంవర్క్ చేసుకుంటున్నాడు, అన్నీ విన్నాడు. ఆ పాప ఇప్పుడు బస్సులో ముందు సీట్లో కూర్చుంటోందని తరవాతి వారం వాడే చెప్పాడు. పిల్లల అలకలే కదా అనుకున్నాను.

ఎవరినీ పిలవలేదని కాదు. మాస్టారిని సముదాయించడానికి ఒక ప్లంబర్‌ని పిలిచాం. బాత్రూమ్ టైల్స్ సందులన్నీ తెల్ల సిమెంటుతో పూసి 3,500 తీసుకున్నాడు. మరక తగ్గలేదు. ఇంకొకాయన వచ్చి బాత్రూమ్ మొత్తం తవ్వి మళ్లీ వాటర్‌ప్రూఫింగ్ చేయాలని, 70 వేలవుతుందని చెప్పాడు. ఆ అంకె విన్నాక నా నమ్మకం ఇంకా గట్టిపడింది. తప్పు మాది కానే కాదు, బిల్డర్ వేసిన డ్రైనేజీ పైపుదే! ఆ మాటే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టి, మెయింటెనెన్స్ డబ్బుతో బాగు చేయించాలని వాదించాను కూడా.

సంక్రాంతికి ఊరెళ్లి అయిదు రోజుల తరవాత వచ్చాం. ఇంకో వారం గడిచింది. ఒకరోజు రాత్రి ఎనిమిదింటికి కింద ఏదో పెద్ద చప్పుడైంది. పరుగెత్తి దిగాను. సీలింగు ప్లాస్టరింగ్ పెచ్చు ఊడి ఆ పాప చదువుకునే టేబుల్ మీద పడింది. టేబుల్ లైటు విరిగిపోయింది, పుస్తకాల నిండా సిమెంటు పొడి. వాళ్ల నానమ్మ అన్నానికి పిలిస్తే పాప అప్పుడే లేచి వెళ్లిందట.

ఆ గదిలోకి నేను అడుగు పెట్టడం అదే మొదటిసారి. తల ఎత్తి చూశాను. ఊడినంత మేర లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి కనిపిస్తున్నాయి. దాని చుట్టూ మరక, మరక అంచు వెంబడే పెన్సిల్ గీతలు, ప్రతి గీత పక్కన చిన్న అక్షరాలతో తేదీ. మాస్టారు వారం వారం స్టూలెక్కి గీశారట. మ్యాపులో కొండల చుట్టూ ఉండే గీతల్లా ఉన్నాయి. ఆయన కర్ర పెట్టి రెండు గీతలు చూపించారు. ఒకటి జనవరి 12, ఇంకోటి 17. రెండింటికీ మధ్య రెండు వేళ్ల ఎడం ఉంది.

"మీరు అప్పుడు ఊళ్లో లేరు కదా బాబూ" అన్నారు.

అందులో నింద లేదు. లెక్క తప్పిన పిల్లాడికి ఏ మెట్టు దగ్గర తప్పాడో చూపిస్తున్నట్టు చెప్పారు, అంతే.

ఆ రెండు గీతల అర్థం ఏమిటో ఆయన చెబితేగానీ నాకు బోధపడలేదు. ఇల్లు తాళం వేసి ఉన్న అయిదు రోజులూ ఎవరూ స్నానం చేయలేదు, ఎవరూ ఫ్లష్ నొక్కలేదు. అయినా మరక పెరిగింది. అంటే అది టైల్స్ సందుల్లోంచి దిగిన నీరు కాదు, డ్రైనేజీ పైపూ కాదు. ఆ రెండూ మనం వాడితేనే కారతాయి. వానాకాలమూ కాదు. రాత్రీ పగలూ నిండుగా నీళ్లుండే పైపు ఒక్కటే మిగిలింది, ట్యాపులకు నీళ్లు తెచ్చే గోడలోని పైపు. మీ ఇంట్లో ఇలాంటిది వస్తే ముందు ఈ ప్రశ్నే వేసుకోండి: ఎవరూ లేనప్పుడు కూడా కారుతోందా?

మరి మా బెడ్‌రూమ్‌లో పైపే లేదు కదా? ఇక్కడే నేను పొరపడ్డాను. చాలా అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ స్లాబ్‌ని పక్క గదుల కన్నా కిందికి పోస్తారు. ఆ పల్లంలో డ్రైనేజీ పైపులు పెట్టి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ వేస్తారు. మేస్త్రీలు సంకెన్ స్లాబ్ అనేది దీన్నే. గోడలో కారిన నీరు ముందు అందులోకి దిగుతుంది. పైన టైల్స్ పొడిగానే ఉంటాయి. అది నిండాక ఎక్కడ సందు దొరికితే అక్కడికి పాకుతుంది. కారే చోటు ఒకటి, కనబడే చోటు ఒకటి.

ఆ రాత్రే మాస్టారు, మా అబ్బాయి కలిసి పని మొదలుపెట్టారు. పదకొండు దాటాక, అపార్ట్‌మెంట్ అంతా సద్దుమణిగాక, ఫ్యాన్లు కూడా ఆపేశాం. మావాడు స్టీలు గ్లాసు బాత్రూమ్ గోడకు బోర్లించి, అడుగున చెవి పెట్టి విన్నాడు. "స్స్ అని వస్తోంది నాన్నా." డక్ట్‌లో మా ఫ్లాట్ వాల్వ్ కట్టేశాను. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది. తిప్పితే మళ్లీ వచ్చింది. వాడు గ్లాసు జరుపుకుంటూ జరుపుకుంటూ వాష్ బేసిన్ దగ్గరికొచ్చి, అద్దం కింద షెల్ఫ్ పక్కన ఆగాడు.

"ఇక్కడే ఎక్కువ. ఈ షెల్ఫ్ దసరా సెలవుల్లో నువ్వు బిగించిందే కదా నాన్నా."

అవును, నేనే బిగించాను. కొత్తగా కొన్న డ్రిల్లింగ్ మెషిన్‌తో నాలుగు రంధ్రాలు వేశాను. గీజర్ నుంచి బేసిన్‌కి వచ్చే వేడినీళ్ల పైపు సరిగ్గా ఆ దారిలోనే ఉంది. ఒక స్క్రూ పైపులోకే దిగింది. తమాషా ఏమిటంటే, చేసిన రంధ్రాన్ని ఆ స్క్రూయే మూసి ఉంచింది, అందుకే ఆ రోజు చుక్క కూడా కారలేదు. నెల తిరిగేసరికి తుప్పుపట్టి వదులైంది. మాస్టారు ఏమీ అనలేదు. మా అబ్బాయి కూడా ఇంకేమీ అనలేదు. వాడు గ్లాసు తుడిచి వంటింట్లో పెట్టి రావడం నాకు ఇప్పటికీ కళ్లముందుంది.

మర్నాడు మాస్టారికి తెలిసిన ఒక ముసలి ప్లంబర్ వచ్చాడు. రెండే రెండు టైల్స్ తీశాడు. స్క్రూ కదలకుండా దాని పక్కనుంచి కారుతున్న నీటికి మావాడు బాటిల్ పట్టాడు. లీటరు నిండడానికి ఇరవై నిమిషాలు పట్టింది. గంటకు మూడు లీటర్లు, రోజుకు 72, రెండు నెలలకు నాలుగు వేల మూడు వందలు. మొదట్లో ఇంత కారి ఉండదనుకోండి, అయినా దగ్గర దగ్గర ఒక అయిదు వేల లీటర్ల ట్యాంకర్! మా అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటుకో మీటర్ లేదు. 2024 ఎండాకాలం బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. నీళ్ల ఖర్చు ఇరవై ఫ్లాట్లూ సమానంగా పంచుకుంటాయి. నా స్క్రూ బిల్లు అందరూ కట్టారన్నమాట.

దెబ్బతిన్న ముక్క కోసి, కొత్త ముక్క వేసి కప్లింగులు అతికించాడు. ఒక రోజంతా వేడినీళ్లు వదలొద్దన్నాడు. టైల్స్ వెంటనే పెట్టనివ్వలేదు, రెండు రోజులు అలాగే వదిలి చెమ్మ లేదని చూశాకే మూశాడు. అంతా కలిపి 2,600 అయింది. డెబ్బయి వేలు అడిగిన వాళ్ల మాట వినుంటే బాత్రూమ్ నేలంతా తవ్వేవాళ్లం, గోడలో స్క్రూ మాత్రం అలాగే ఉండేది.

మీరు ఇంట్లో చేసుకోగలిగినవి కొన్ని ఆ ప్లంబర్ చెప్పాడు. ఫ్లష్ ట్యాంకులో కాస్త మిఠాయి రంగు కలిపి అరగంట ఎవరూ నొక్కకుండా చూడండి. కమోడ్‌లోకి రంగు దిగితే లోపలి వాషర్ పోయినట్టే. ఇది చప్పుడు లేకుండా కారుతుంది, ఎవరికీ తెలీదు. మీకు మీటర్ ఉంటే పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి అంకె రాసుకోండి. రాత్రి ఎవరూ నీళ్లు వాడకపోయినా అంకె మారితే ఎక్కడో కారుతోంది. బాత్రూమ్ నేల మీద అనుమానముంటే జాలీ రంధ్రాన్ని తడిగుడ్డతో గట్టిగా మూసి, అంగుళం ఎత్తు నీళ్లు నిలిపి ఒక రోజు కింది సీలింగు చూడాలి. దీనికి కింది వాళ్లతో మాటలుండాలి మరి. గోడకు ఏదైనా కొట్టేటప్పుడు ట్యాపులకు, షవర్‌కు, గీజర్‌కు నిలువునా అడ్డంగా ఉన్న వరసలు వదిలేయండి. ఇల్లు కట్టిస్తున్న వాళ్లయితే టైల్స్ వేయకముందే పైపులన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. చెమ్మ స్విచ్ బోర్డు దాకా వస్తే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి, ముందు మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

వాట్సాప్ గ్రూపులో పెట్టింది కదా, అది కూడా దిద్దుకోవాల్సి వచ్చింది. మూడుసార్లు రాసి చెరిపేశాను. మా ఆవిడ చూసి "తప్పు నాది, డ్రైనేజీ పైపుది కాదు అని రాయండి, చాలు" అంది. అంతే రాశాను. తరవాత మావాణ్ని వెంటబెట్టుకుని కిందికి వెళ్లి, ఆ పాపకు కొత్త టేబుల్ లైటు ఇచ్చి, వాళ్ల నానమ్మగారి ముందు, పాప ముందు కూడా క్షమించమని అడిగాను. పిల్లలు ఇద్దరూ నేల చూస్తూ నిలబడ్డారు. నానమ్మగారు టీ పెట్టారు.

తుప్పు గీకించి, చువ్వలకు మందు పూయించి ప్లాస్టరింగ్ చేయించాం. ఉగాదిలోపు రంగు కూడా వేయిస్తానన్నాను. మాస్టారు వద్దన్నారు. స్లాబ్‌లో చెమ్మ ఆరడానికి వారాలు పడుతుందట, ముందే రంగు వేస్తే పొక్కులొస్తాయట. మొన్న ఆదివారం మావాడు స్టూలు పట్టుకుంటే ఆ పాప ఎక్కి సీలింగు చూసింది. ఆఖరి గీత దాటి మరక రాలేదు. పక్కన ఆ రోజు తేదీ రాసి దిగింది.