ఇసుకలో దాగిన సాక్షులు



గడచిన సంక్రాంతి సెలవులలో మా సంఘ యౌవనస్థులు, కొందరు పెద్దలు కలిసి ఇరవై ఇద్దరము వ్యాను కట్టించుకొని భీమునిపట్నం వెళ్ళి వచ్చాము. ఏటా వనభోజనానికి ఏదో ఒక తోటకు వెళ్ళడం మా సంఘమునకు అలవాటు. ఈసారి మాత్రం తోటకు కాక ఎర్రమట్టి దిబ్బలకు వెళ్ళాము. అందుకు కారణం మా సంఘములోనే పుట్టి పెరిగిన ఒక తమ్ముడు. అతడు భూగర్భశాస్త్రములో ఎమ్మెస్సీ చదువుతున్నాడు.

రెండేండ్ల క్రితం యౌవనస్థుల కూటములో ఆ తమ్ముడు లేచి రాళ్ళ వయస్సును గూర్చి, కోట్ల సంవత్సరాలను గూర్చి ఒక ప్రశ్న అడిగాడు. మేము ప్రశ్న పూర్తిగా వినకుండానే, చదువు పెరిగినకొద్దీ నీకు విశ్వాసము తరుగుతున్నదని అందరి ఎదుట అన్నాము. కొందరు నవ్వారు. ఆనాటినుండి అతడు కూటమునకు రావడం మానేశాడు. ఆదివారం ఆరాధనకు వచ్చినా వెనుక వరుసలో కూర్చుండి, ఆశీర్వచనం కాగానే వెళ్ళిపోయేవాడు. అతని తల్లి ఒకనాడు కంట నీరు పెట్టుకొని, “అయ్యగారూ, మావాడు మీ కంటబడకుండా తిరుగుతున్నాడండి” అని చెప్పేవరకు మేము చేసిన పని మాకు తెలియలేదు. అప్పుడు అతనికి కబురు పంపాము. “ఈ ఏడు వనభోజనం ఎక్కడో నీవే చెప్పు తమ్ముడూ. నీ చదువులోని సంగతులు కూడా మాకు చూపించు, వింటాము” అన్నాము. రెండు వారాలు జవాబు లేదు. తరువాత వచ్చి, “ఎర్రమట్టి దిబ్బలకు వెళ్దామండి” అన్నాడు.

విశాఖపట్నం నుండి భీమిలికి సముద్రం ఒడ్డునే వెళ్ళే దారిలో, భీమిలి ఇంక కొద్ది దూరం ఉందనగా ఈ దిబ్బలు వస్తాయి. సినిమాలలో అనేకమార్లు చూసినవే అయినా, దగ్గరకు వెళ్ళి నిలబడితే మాట రాదు. కుంకుమ రంగు నేల మధ్య వాన నీరు కోసిన లోతైన గండ్లు, ఆ గండ్ల నడుమ గోడలవలె నిలిచిన మట్టి, దూరాన నీలి సముద్రం కనబడ్డాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించింది. 2025లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో కూడా దీని పేరు చేరింది. ఇటువంటి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడు దక్షిణ తీరములోను, శ్రీలంకలోను ఉన్నాయట.

“ఇది మట్టి అంటారు గాని, నిజానికి ఇసుకేనండి” అని ఆ తమ్ముడు మొదలుపెట్టాడు. సుమారు 20 వేల ఏండ్ల క్రితం లోకములో మంచు ఎక్కువగా గడ్డకట్టి, సముద్రమట్టం ఇప్పటికంటె 100 మీటర్లకు పైగా దిగిపోయిందట. అప్పుడు బయటపడిన ఇసుకను గాలి ఎత్తి తెచ్చి ఇక్కడ దిబ్బలుగా పోసింది. ఆ ఇసుకలో ఇనుము గల గింజలు వానకు, ఎండకు చివికి తుప్పు పట్టి, ఆ తుప్పు ప్రతి రేణువుకు పూతవలె అంటుకొనడముచేత దిబ్బలు ఎర్రబడ్డాయి. అక్కడ పిడికెడు మట్టి కూడా తీయరాదని అతడు మా పిల్లలకు గట్టిగా చెప్పాడు.

మధ్యాహ్నం భోజనాలయిన తరువాత భీమిలి ఒడ్డుకు వెళ్ళాము. గోస్తనీ నది అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల గుండా వచ్చి, భీమిలివద్ద సముద్రములో కలుస్తుంది. ఒడ్డున ఇసుకమీద అక్కడక్కడ నల్లని చారలున్నాయి. మేము మురికి అనుకొన్నాము. తమ్ముడు పాత రేడియో స్పీకరులోని అయస్కాంతం సంచిలోనుండి తీసి ఆ చారమీద ఆడించేసరికి, నల్లని రేణువులు మీసాలవలె లేచి దానికి అంటుకొన్నాయి. పిల్లలు కేకలు వేశారు.

మా సంఘములో డెబ్బై దాటిన ఒక మామ్మగారున్నారు. ఆమె ఆ ఇసుకను ఒక స్టీలు పళ్ళెములో పోసి, నీళ్ళు పోసి, బియ్యం గాలించినట్టు మెల్లగా ఊపి వంచారు. తెల్ల ఇసుక నీటితోపాటు జారిపోయింది. పళ్ళెము అడుగున నల్లనివి, గులాబి రంగువి మెరుస్తూ మిగిలాయి. “రాళ్ళు అడుగున మిగులుతాయి కదయ్యా, అంతే” అన్నారు ఆమె. తమ్ముడు నవ్వి, “మేము ప్రయోగశాలలో చేసేది ఇదేనండి మామ్మగారూ. నీళ్ళకు బదులు బ్రోమోఫారం అనే బరువైన ద్రవము వాడతాము” అన్నాడు. మామూలు ఇసుక రేణువు నీటికంటె 2.65 రెట్లు బరువు. బ్రోమోఫారం 2.89 రెట్లు. అందులో మామూలు ఇసుక తేలుతుంది, అంతకంటె బరువైనవి మునుగుతాయి. వాటినే భార ఖనిజాలు అంటారట. ఇసుకరాయిలో ఇవి సాధారణముగా నూటికి ఒక వంతైనా ఉండవు. కాని అలలు రోజూ గాలిస్తూ ఉండడముచేత ఇటువంటి ఒడ్డులలో పోగుపడతాయి.

పళ్ళెములోని గింజలను అతడు భూతద్దము కింద ఒక్కొక్కటే చూపించాడు. నల్లనిది ఇల్మనైటు. గుళ్ళకు, ఇళ్ళకు వేసే తెల్ల రంగులోని టైటానియం ఈ నల్ల గింజలోనుండే వస్తుందంటే మేము ఆశ్చర్యపోయాము. గులాబి రంగుది గార్నెటు, గరుకు కాగితానికి వాడతారు. తళుకుమనే చిన్నది జిర్కాను. తేనె రంగు మోనజైటులో థోరియం ఉంటుంది. 1909లో షాంబర్గ్ అనే జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు తిరువాన్కూరు నుండి వెళ్ళిన కొబ్బరి పీచుకు అంటిన ఇసుకలో మోనజైటును గుర్తించాడట. ఆ రోజులలో గ్యాసు దీపాల మేంటిళ్ళకు థోరియం కావలసి వచ్చేది. మామ్మగారు వెంటనే, “అయితే మన ఉజ్జీవ కూటాల్లో పెట్రోమాక్సు వెలుగు ఈ ఇసుకదేనా!” అన్నారు.

తమ్ముడు తరువాత చెప్పిన మాట మా మనస్సులో నిలిచిపోయింది. “అయ్యగారూ, మామూలు ఇసుక ఏ కొండదో చెప్పడం కష్టమండి. ఈ బరువు గింజలే సాక్ష్యం చెబుతాయి. గార్నెటు, సిల్లిమనైటు కలిసి కనబడితే, ఇది తూర్పు కనుమల ఖొండలైటు రాయినుండి వచ్చిందని తెలుస్తుంది.” కోందు ప్రజల పేరుమీద ఆ రాయికి ఆ పేరు పెట్టారట. విశాఖ చుట్టూ ఉన్న కొండలలో చాలవరకు అదే రాయి. కొండ అరిగిపోయినా, నది ఈడ్చుకొని వచ్చినా, అలలు దొర్లించినా, ఆ గింజ తన పుట్టిల్లు మరువదు. మెత్తని ఖనిజాలు దారిలోనే నశిస్తాయి. జిర్కాను, రూటైలు, టూర్మలీను మాత్రం దాదాపు చివరివరకు నిలుస్తాయి. పాత ఇసుకరాయి అరిగి కొత్త ఇసుకరాయి అయినా ఆ గింజలు అందులోను ఉంటాయి.

ఇంత చెప్పి అతడు కొంచెం ఆగాడు. తరువాత నెమ్మదిగా, “ఆస్ట్రేలియాలో జాక్ హిల్స్ అనే చోట గులకరాళ్ళు కూడి గట్టిపడిన రాతిలో ఒక జిర్కాను దొరికిందండి. దాని వయస్సు సుమారు 440 కోట్ల ఏండ్లని 2001లో ప్రకటించారు” అని మా ముఖము చూశాడు. రెండేండ్ల నాటి ప్రశ్నే మళ్ళీ మా ముందుకు వచ్చిందని మాకు తెలిసింది. అందరూ మౌనముగా ఉన్నారు.

మేము ఆ పళ్ళెము చేతిలోకి తీసుకొని, అందరి ఎదుటే చెప్పాము. “తమ్ముడూ, ఆనాడు నీ ప్రశ్న వినకుండా నిన్ను చిన్నబుచ్చాము. అది మా తప్పు. మమ్మును క్షమించు. లెక్క విని భయపడేంత చిన్నవాడు కాడు మన దేవుడు. మాకు తెలియనిది నీవు నేర్చుకో. వచ్చి మాకు చెప్పు. నీ ప్రార్థన మాత్రం మానవద్దు” అన్నాము. అతడు ఏమీ అనలేదు. వంగి ఆ ఇసుకను ఒడ్డునే తిరిగి పోసి, పళ్ళెము కడిగి మామ్మగారి చేతికి ఇచ్చాడు. వ్యాను ఎక్కేటప్పుడు మాత్రం వెనుకకు పోకుండా మా ప్రక్కన కూర్చున్నాడు.

ప్రియులారా, మోషే తన చివరి దీవెనలలో ఇసుకలో దాగిన ధనమును గూర్చి పలికాడు (ద్వితీయోపదేశకాండము 33వ అధ్యాయము). అది అనేకమార్లు చదివాము గాని, పళ్ళెములో చూసినది ఆనాడే. మన సంఘాలలో ప్రశ్నలు అడిగే పిల్లలు ఉంటారు. వారు ఎదురాడుతున్నారని మనకు తోచవచ్చు. వారిని విసరి పారవేయకండి. ఓపికతో వినండి. శ్రమల అలలు గాలించిన తరువాత వారే నిలిచే గింజలు, సాక్షులు కావచ్చును.

ఆ తరువాతి శనివారం యౌవనస్థుల కూటమునకు ఆ తమ్ముడు వచ్చాడు. జేబులో భూతద్దము ఉంది, చేతిలో బైబిలు ఉంది. ప్రభువునకే మహిమ కలుగును గాక. ఆమేన్.