మంచు కింద చేపలు, పటంలో లేని సంగతులు

మా ఊళ్ళో చేపలు పట్టడానికి మ్యాపు కావాలంటే జనం నవ్వుతారు. ఎండాకాలంలో చెరువు ఎండిపోతుంది. మడుగు ఎక్కడుందో, పాత దిగుడుబావి ఎక్కడుందో, తుమ్మమొద్దు ఎక్కడ కూరుకుపోయిందో పిల్లకాయల దగ్గర్నుంచి అందరూ కళ్ళారా చూసేస్తారు. వానలు పడి చెరువు నిండాక ఆ గుర్తులే పని చేస్తాయి. కొర్రమీను ఎక్కడ దాక్కుంటుందో చెప్పడానికి మా చిన్నాన్నకి ఏ సోనారూ అక్కర్లేదు.

ఇప్పుడు నేనుండేది మిన్నెసోటాలో. పదివేల సరస్సుల రాష్ట్రమని కారు నంబరు ప్లేట్ల మీదే రాసుకుంటారు. ఇక్కడ చెరువు ఎండదు, గడ్డకడుతుంది. పైన చూస్తే తెల్లటి పేద్ద మైదానం, అంతే. అడుగున ఏముందో చూసిన నాథుడు లేడు. అందుకే ఇక్కడ చెరువు మ్యాపు ఒక అవసరం.

2019లో ఈ ఇంటికి మారాం. ఎదురింట్లో రిటైరయిన పెద్దాయన ఒకాయన ఉన్నారు. ఆ చలికాలం నన్ను మంచు మీదికి లాక్కెళ్ళింది ఆయనే. ఆగర్ అని మన బోరు మిషనుకి తమ్ముడి లాంటిదొకటుంటుంది. దాంతో మంచుకి జానెడు వెడల్పున కన్నం పెట్టి, బకెట్ బోర్లించుకుని కూర్చుని, మూరెడు పొడుగు గాలం వేయడమే పని. చలికాలంలో ఇక్కడ మనిషికి రెండు గాలాలు వేసుకోవచ్చు. నేను రెండూ వేశాను. నాలుగు వారాంతాలు కూర్చున్నాను. వచ్చింది జలుబు ఒక్కటే :)

"కన్నం ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుంది?" అని అడిగితే పెద్దాయన నవ్వి ఊరుకున్నారు. తర్వాత అర్థమైంది, ఇక్కడ జీతమైనా చెప్తారు కానీ చేపలున్న చోటు మాత్రం చెప్పరు.

మన బుద్ధి తెలుసుగా, ఎవరూ చెప్పకపోతే డాక్యుమెంటేషన్ వెతుకుతాం. వెతికితే దొరికింది. ఇక్కడి సహజ వనరుల శాఖ వాళ్ళది లేక్‌ఫైండర్ అని ఒకటుంది. చెరువు పేరు కొడితే చాలు, అందులో ఏ చేపలున్నాయి, ఎప్పుడు పిల్లల్ని వదిలారు, లోతు ఎంత అన్నీ వస్తాయి. చాలా చెరువులకి లోతు గీతలతో మ్యాపు కూడా ఉంటుంది. ఉచితం.

ఆ గీతలు చదవడం ఒక పూట పని. 10 అని రాసిన గీత పొడుగునా నీళ్ళు 10 అడుగులుంటాయి. గీతలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే అక్కడ నేల నిట్టనిలువుగా దిగిపోతున్నట్టు. ఎడంగా ఉంటే చదును. చుట్టూ 25 ఉండి మధ్యలో చిన్న వలయంలో 12 ఉంటే అది నీళ్ళలో మునిగిన దిబ్బ. అదే వలయంలో 35 ఉంటే గుంట. ఇంతే లెక్క.

కానీ గీతలు చదివితే సరిపోదు, చేప మనసు కూడా చదవాలి. నీళ్ళు అన్నిటికంటే బరువుగా ఉండేది 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర. అందుకని చలికాలంలో మంచుని ఆనుకున్న నీళ్ళు సున్నా దగ్గర, అడుగునున్నవి 4 దగ్గర ఉంటాయి. అంటే వెచ్చదనం కింద ఉంటుంది. మంచు పట్టిన కొత్తలో ఒడ్డు దగ్గర నాచు ఇంకా పచ్చగా ఉంటుంది, చిన్న చేపలు అక్కడే తిరుగుతాయి, వాటి కోసం పెద్దవీ వస్తాయి. జనవరికల్లా పైన మంచు పేరుకుపోయి వెలుతురు దిగదు. నాచు చచ్చి కుళ్ళుతుంది, ప్రాణవాయువు తగ్గిపోతుంది. అప్పుడు చేపలు లోతుకి తరలిపోతాయి. క్రాపీలయితే లోతు నీళ్ళలో నేలకి ఆనకుండా మధ్యలో గుంపుగా వేలాడుతుంటాయి. వాలై చేప సంజె వేళ లోతు నుంచి దిబ్బ అంచుకి మేతకి ఎక్కుతుంది.

ఇంకో సంగతి. ఆ చలికి చేప బద్ధకంగా ఉంటుంది, ఎర కోసం పరిగెత్తుకు రాదు. మనమే దాని ముక్కు ముందు పెట్టాలి. కాబట్టి కన్నం పదిగజాలు పక్కకి పడినా ఆ రోజు ఉపవాసమే.

2020 జనవరిలో ఒక శనివారం మ్యాపు ప్రింటు తీసుకుని, 30 అడుగుల గుంట అంచున వరసగా కన్నాలు పెట్టుకుంటూ పోయాను. ఏడో కన్నంలో 18 అడుగుల దగ్గర బెండు మెల్లగా మునిగింది. అరచేతి కంటే పెద్ద క్రాపీ! సాయంత్రానికి తొమ్మిది. క్రాపీ పైకి చూసి తింటుంది, అందుకని ఎర దానికి కాస్త పైనే ఉండాలని కూడా ఆరోజే తెలిసొచ్చింది. మా ఆవిడ పులుసు పెట్టింది. చింతపండు పులుసుకి ఏ దేశం చేపయినా ఒకటేనండీ.

ఇక్కడితో ఆపేస్తే ఇది విజయగాథ. అసలు చెప్పాలనుకున్నది ఇక ముందుంది.

మరుసటి ఏడు, 2020 డిసెంబరు. మంచు అప్పుడప్పుడే పట్టింది. నడవడానికి కనీసం 4 అంగుళాల గట్టి మంచు ఉండాలని ఆ శాఖ వాళ్ళే చెప్తారు. ఒడ్డున కన్నం పెట్టి చూస్తే 5 ఉంది. చాల్లే అనుకున్నాను. నా కళ్ళన్నీ మ్యాపులో ఒక్క చోటి మీదే ఉన్నాయి. మా చెరువు మధ్యలో నడుం సన్నబడి రెండు భాగాలుగా ఉంటుంది. ఆ ఇరుకులో రెండు వైపులా 6 అడుగుల మెట్ట, నడుమ 18 అడుగుల కాలువ. చేపలు అటూ ఇటూ పోవాలంటే అదే దారి. మ్యాపులో ఇంతకంటే మంచి చోటు లేదు.

ఉదయం ఆరున్నరకి ఒక్కడినే బయల్దేరాను. ఆవిడా పాపా నిద్రపోతున్నారు, లేపడమెందుకని చెప్పలేదు. ఫోనులో నీలి చుక్కని చూసుకుంటూ నడిచాను. చుక్క కాలువ గీత మీదికి వచ్చింది. ఆగర్ ఆనించి తిప్పాను. రెండు చుట్లకే దిగిపోయింది. కన్నంలోంచి నీళ్ళు పైకొచ్చి బూట్ల చుట్టూ పరుచుకున్నాయి. రెండంగుళాలు కూడా లేదు మంచు.

కాసేపు ఏమీ తోచలేదు. తర్వాత మెల్లగా బోర్లా పడుకుని, ఆగర్ అక్కడే వదిలేసి, వచ్చిన దారినే పాక్కుంటూ వెనక్కి వచ్చాను. మంచు గట్టిగా తగిలేదాకా లేవలేదు. బహుశా అరవై అడుగులు ఉంటుందేమో. నా జీవితంలో అంత పొడుగు దూరం ఇంకొకటి లేదు.

పెద్దాయనకి చెప్తే తిట్టలేదు. "ఇరుకులో నీళ్ళు కదులుతాయి. కదిలే నీళ్ళమీద మంచు ఆలస్యంగా పడుతుంది, పల్చగా ఉంటుంది. ఆ పటం నీకు నేల గురించి చెప్పింది. మంచు గురించి అదేమీ చెప్పలేదు, నువ్వే విన్నావు" అన్నారు.

నిజమే కదా. చేపలకి ఆ చోటు ఎందుకు మంచిదో, నాకు ఎందుకు చెడ్డదో కారణం ఒక్కటే. ఆ ఇరుకు. అది మ్యాపులో కనపడుతూనే ఉంది, నేను సగమే చదివాను. పనిలోనూ ఇంతేగా. స్పెసిఫికేషన్‌లో ఉన్నదంతా నిజమే, సర్వర్ పడిపోయేది మాత్రం అందులో రాయని దానివల్ల.

ఏళ్ళ తరబడి మంచు మీద తిరిగిన వాళ్ళకి కూడా ఇది తప్పదు. 2023 డిసెంబరు చివర్లో అప్పర్ రెడ్ లేక్‌లో మంచు పలక విడిపోయి కొట్టుకుపోతే, దానిమీద వందమందికి పైగా చిక్కుకున్నారు. అందర్నీ క్షేమంగా తెచ్చారు, అదృష్టం.

మా ఆవిడకి ఈ సంగతి మూడు వారాల తర్వాత చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. మర్నాడు మెడలో వేసుకునే మంచు మేకుల జత, ఒక ఫ్లోటింగ్ జాకెట్ ఆర్డరు పెట్టింది. ఇప్పుడు గునపం లాంటి ఇనప కడ్డీతో ముందు పొడుస్తూ గానీ అడుగు వేయను. ఎక్కడికి పోతున్నానో, ఎప్పటికి వస్తానో ఫ్రిజ్ మీద రాసిపెట్టి వెళ్తాను.

ఆ వారం పెద్దాయన మా ఇంటికొచ్చి నా ప్రింటు అడిగి తీసుకున్నారు. ఎర్ర పెన్నుతో ఇరుకు దగ్గర, వాగు వచ్చి కలిసే చోట, అడుగున ఊట ఉన్న రెండు చోట్ల ఇంటూ గుర్తులు పెట్టి ఇచ్చారు. నలభై ఏళ్ళుగా ఆయన బుర్రలో ఉన్నవి. చేపల చోట్లు మాత్రం ఒక్కటీ పెట్టలేదు.

ఈ మధ్య మా టీములోకి హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు అడిగాడు, "అన్నా, క్రాపీలు ఎక్కడ పడతాయో చెప్పవా?" అని. చెప్పలేదు. ఎర్ర గుర్తులున్న కాగితం మాత్రం జిరాక్సు తీసి ఇచ్చాను.