కదలని బండి

ఇంజను లేదు, టైర్లు లేవు, అసలు బండి అన్నదే లేదు. ఒక్క స్టీరింగు మాత్రం ఉంది. అది కొనడానికి మావాడు హైదరాబాదులో ఉద్యోగం చేసి దాచుకున్న డబ్బులో పెద్ద ముక్కే ఖర్చుపెట్టాడు. "మిగిలిన కారు వాయిదాల మీద ఇస్తారేమో కనుక్కోండి" అంది మా శ్రీమతి.

మాది నాగల్‌గిద్ద. నారాయణఖేడ్ దాటి కర్ణాటక సరిహద్దు వైపు వస్తే తగులుతుంది. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు మండలమైంది. తెలుగు, కన్నడం, మరాఠీ ఒకే అరుగు మీద వినిపించే తావు. ఇక్కడ ర్యాలీ పందాలేమిటని మీరు అడగవచ్చు. ర్యాలీకి కావలసింది ఇటువంటి దారులే మరి! రేసుకారు నున్నని తారు మీద గుండ్రంగా తిరుగుతుంది. ర్యాలీ కారుకు మొరం, బురద, మంచు అన్నీ ఒకటే. ఒక్కొక్క కారూ విడిగా బయలుదేరి గడియారంతో పందెం వేస్తుంది. డ్రైవరు పక్కన ఒకాయన కూర్చుని రాబోయే మలుపులను చదువుతూ ఉంటాడు. మావాడు ఆడేది 2019లో వచ్చిన డర్ట్ రాలీ 2.0. అందులో మలుపులు చదివే గొంతు ఫిల్ మిల్స్‌ది. 2003లో పెటెర్ సోల్‌బర్గ్ ప్రపంచ విజేత అయినప్పుడు పక్క సీటులో ఉన్నది ఆయనే. మలుపుకొక అంకె: ఒకటి అంటే బాగా వంపు, ఆరు అంటే వేగం పెద్దగా తగ్గించనక్కరలేనిది.

దసరా సెలవులకు వస్తూ మావాడు ఆ సరంజామా అంతా మోసుకొచ్చాడు. లాజిటెక్ జీ29 అట దాని పేరు. నేను కాపీలు దిద్దుకునే టేకు బల్లకు దాన్ని మరలతో బిగించాడు. బల్ల నలగకుండా మధ్యన అట్టముక్కలు పెట్టించాను. కంప్యూటరుకు ఒక తీగ, గోడలోని కరెంటుకు ఇంకొకటి. ఈ రెండోది లేకపోతే చక్రం ఉత్త బొమ్మే. లోపలి మోటార్లు తిరగాలంటే కరెంటు కావాలి. స్విచ్చి వేయగానే చక్రం తనంతట తాను ఎడమకూ కుడికీ గిర్రున తిరిగింది. మా అమ్మ "ఏదో పట్టింది దానికి" అని దూరం జరిగింది. పట్టడమేమీ లేదు, తన నడిమధ్య ఎక్కడో అది వెతుక్కుంటుంది. ఈ కొస నుంచి ఆ కొసకు 900 డిగ్రీలు, అంటే రెండున్నర చుట్లు. ర్యాలీ కారుకు అంత తిప్పుడు అక్కరలేదని మావాడు 540కి కుదించాడు.

ఇంతలో మా అన్నయ్య వచ్చాడు. ఆయన ముప్ఫై ఏళ్లు బస్సు నడిపాడు, అందులో చాలాకాలం పవర్ స్టీరింగు లేని బస్సులే. రెండేళ్ల కిందట బీదర్‌లో డాక్టరు కళ్ళు చూసి నీటికాసులన్నాడు. ఎదుట ఉన్నది కనబడుతుంది, పక్కచూపు పోతోంది, ఇక బండి నడపవద్దని చెప్పాడు. అన్నయ్య చుక్కలమందు వేసుకుంటాడు, ఆ రెండో మాట మాత్రం వినిపించుకోలేదు. పొద్దుగూకే వేళ మోటారు సైకిలు మీద కరస్‌గుత్తి దాకా పోయి వస్తాడు. ఆయన తిరిగి వచ్చేవరకు వదిన గడపలో నుంచుని ఉంటుంది. చెప్పబోతే "నా చేతులకు ఎరుకే" అంటాడు.

మావాడు చక్రం బలమంతా నూటికి నూరు పెట్టి, "కూర్చో పెద్దబాపూ" అన్నాడు. అన్నయ్య రెండు మలుపులు తిప్పి చేతులు తీసేశాడు.

"ఇది స్టీరింగు గాదు బిడ్డా, ఇసుర్రాయి. బరువైతే ఉన్నది గని బండి మాట్లాడ్తలేదు."

ఆ మాట అక్షరాలా నిజమని మావాడు తరువాత నాకు విప్పి చెప్పాడు. నడిచే బండి ముందు చక్రాలు తమంతట తాము తిన్నబడాలని చూస్తాయి. చేతికి తెలిసే బరువు అదే. టైరు పట్టు తప్పబోయే ముందు ఆ బరువు హఠాత్తుగా సడలుతుంది. అనుభవం ఉన్నవాడు ఆ సడలింపును బట్టే వేగం తగ్గిస్తాడు. ఈ మోటార్లు ఇవ్వగలిగిన బలమా, సుమారు రెండు న్యూటన్ మీటర్లు, చక్రం అంచున కిలోన్నర వేలాడదీసినంత. అంతకు మించి అడిగితే పెద్ద గుంతా, చిన్న రాయీ, జారుడూ అన్నీ ఒకే గట్టితనంగా వచ్చి పడతాయి. దానికి తోడు చక్రాన్ని ఊరికే నడిమికి లాగే స్ప్రింగువంటి బలం ఒకటి ఆటలోనే ఉంది. మావాడు దాన్ని సున్నా చేశాడు. మొత్తం బలాన్ని తొంభై, ఎనభై, డెబ్భై అని తగ్గిస్తూ పోయాడు. ప్రతిసారీ అన్నయ్య కళ్ళు మూసుకుని పట్టుకుని చూసేవాడు. అరవై అయిదు దగ్గర ఆయన ముఖం విప్పారింది.

"ఇగో, ఇప్పుడు ముంగటి టైర్లు మొరం మీద తేలినయ్. ఇప్పుడు దొరకబట్టినయ్. ఇది బండి!"

ఆ రాత్రి ఆయన అర్జెంటీనాలోని కటమార్కా కొండల్లో బండి నడిపాడు. చేతుల పనితనం చూడవలసిందే. వెనుకభాగం జారితే మావాడు గాభరాపడి రెండింతలు తిప్పుతాడు. అన్నయ్య వేళ్ళు సడలించి చక్రాన్ని దాని ఇష్టానికి వదిలి, సమయానికి మళ్ళీ అందుకుంటాడు. కాని ఎడమవైపు రాతికట్టకు కొట్టుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, అక్కడే కొట్టుకున్నాడు. మూడోసారి కూడా.

"ఆ రాయి ఎక్కడున్నది?" అన్నాడు.

మావాడు తెర ఎడమ అంచున వేలు పెట్టి చూపించాడు. అన్నయ్య తల అటు తిప్పి చూశాడు. తరువాత ముందుకు చూసి, మళ్ళీ అటు చూశాడు. వంటింటి గుమ్మంలో వదిన, మా శ్రీమతి మాటలు ఆపేశారు. ఇది కంటి పరీక్ష కాదు. పరీక్ష డాక్టరు ఎప్పుడో చేశాడు. బస్సు స్టీరింగు పట్టిన మనిషికి ఆ మాట స్టీరింగు ముందు కూర్చున్నప్పుడే చెవికెక్కింది కాబోలు.

మరునాడు మోటారు సైకిలు తాళంచెవి తెచ్చి మావాడి చేతిలో పెట్టాడు. "నువ్వున్నన్ని దినాలు నువ్వు నడుపు. నేను ఎనక కూసుంట" అన్నాడు. వాడు వెళ్ళిపోయిన తరువాత సంగతి ఎవరూ అడగలేదు. తాళంచెవి ఇప్పుడు మా ఇంట్లో క్యాలెండరు మేకుకు వేలాడుతోంది. అన్నయ్య కరస్‌గుత్తికి ఆటోలో వెళుతున్నాడు, ఆటోవాడికి గేరు ఎప్పుడు మార్చాలో చెబుతూ.

సాయంత్రాలు మా ఇంటికి వస్తాడు. నన్ను చక్రం ముందు కూర్చోబెట్టి, ఫిల్ మిల్స్ గొంతు తగ్గించమని, తాను చదువుతాడు: "ఎడమ మూడు... రాయి ఉన్నది, పైలం... కుడి అయిదు, తొక్కు పంతులూ, తొక్కు!"

నా కాపీలు ఇప్పుడు మంచం మీద దిద్దుకుంటున్నాను.